మద్రాసు ఉప్పుగాలిలో పాత బెంజి బ్రేకులు: ఇంట్లో చేసిన పని ఎన్నాళ్ళు నిలిచింది

బండి 1982 మోడల్ మెర్సిడెస్ 240డీ. డబ్ల్యూ123 అంటారే, 1976లో మొదలైన ఆ వరస. మన రోడ్ల మీద పద్మినీలు నాలుగు డ్రమ్ములతో తిరుగుతున్న రోజుల్లోనే దీనికి నాలుగు చక్రాలకీ డిస్కులు. ముందు చక్రాల డిస్కులు, ప్యాడ్లు, కాలిపర్ (పిస్టన్లతో ప్యాడ్లను డిస్కు మీదికి నొక్కే భాగం) సీళ్ళు, హోసులు (ఆయిల్ వెళ్ళే రబ్బరు గొట్టాలు) 2021లో తిరువాన్మియూర్‌లో మా ఇంటి షెడ్డులోనే మార్చుకున్నాను. ఆ తర్వాత బండి మిచాంగ్ తుపాను నీళ్ళలో నిలబడింది, ఏలగిరి కొండ ఎక్కి దిగింది, నెల్లూరు దారి సరేసరి. వాడిన సామాను గురించి ఇప్పుడు ధైర్యంగా చెప్పొచ్చు అనిపించి రాస్తున్నాను.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. సముద్రం పక్క ఊళ్ళో పాత కారు బ్రేకుల్ని కిలోమీటర్ల కంటే తేమే ఎక్కువగా తినేస్తుంది. అందుకే డబ్బు దగ్గర పీనాసితనం చేయాల్సి వస్తే డిస్కుల బ్రాండు దగ్గర చేయండి గానీ, సీళ్ళు, హోసులు, బ్రేక్ ఆయిల్ దగ్గర మాత్రం వద్దు.

నా బండి సంగతే చూడండి. మామూలుగా పోతుంటేనే ఎడమకు లాగేది. దిగి చూస్తే ఎడమ రిమ్ము చెయ్యి పెట్టలేనంత వేడి. చక్రం విప్పితే లోపలి ప్యాడ్ ఇనుము దాకా అరిగిపోయి డిస్కును గాడులు పడేలా గీకేసింది, బయటి ప్యాడ్ మాత్రం సగం మిగిలే ఉంది. ఇలా ఉన్నప్పుడు చాలా షెడ్లలో డిస్కులు, ప్యాడ్లు మార్చి పంపేస్తారు. కొన్నాళ్ళు బాగుంటుంది, మళ్ళీ అదే కథ. అరగడం అనేది ఫలితం. కారణం ఇంకోచోట ఉంటుంది.

డిస్క్ బ్రేకులో పిస్టన్‌ను వెనక్కి లాగడానికి స్ప్రింగు ఏదీ ఉండదు. పిస్టన్ చుట్టూ చదరపు కోతతో ఒక రబ్బరు సీలు ఉంటుంది. బ్రేకు తొక్కినప్పుడు అది కొంచెం మెలిపడుతుంది, వదలగానే సర్దుకుంటూ పిస్టన్‌ను వెంట్రుకవాసి వెనక్కి తెస్తుంది. ఆ వెంట్రుకవాసే ప్యాడ్‌కూ డిస్కుకూ మధ్య ఖాళీ. సీలు గట్టిపడినా, పిస్టన్ మీద తుప్పు పొక్కులు లేచినా ఆ ఖాళీ పోతుంది, ప్యాడ్ డిస్కును రాసుకుంటూనే ఉంటుంది. హోసుది ఇంకో రకం మోసం. బయటికి నిగనిగలాడుతూనే లోపల ఉబ్బి దారి మూసుకుపోతుంది. తొక్కినప్పుడు బలానికి ఆయిల్ వెళ్తుంది గానీ వదిలితే తిరిగి రాదు.

ఈ రెండింటిలో ఏదో తేల్చుకోవడానికి పైసా ఖర్చు లేని పరీక్ష ఒకటుంది. బండిని స్టాండ్ల మీద పెట్టి బ్రేకు తొక్కి వదలాలి. చక్రం పట్టేసి ఉంటే కాలిపర్ మీది బ్లీడింగ్ నిప్పిల్ (గాలి, పాత ఆయిల్ బయటికి వదిలే చిన్న బోల్టు) వదులు చేయాలి. ఆయిల్ చిమ్మి చక్రం ఫ్రీ అయితే ఒత్తిడి లోపలే ఇరుక్కుందన్నమాట, ముందు హోసును అనుమానించాలి. ఆయిల్ వచ్చినా చక్రం కదలకపోతే పిస్టన్ పట్టేసినట్టే. నా బండిలో కుడి వైపు హోసు, ఎడమ వైపు పిస్టన్. రెండు జబ్బులూ ఒకే బండికి.

అరిగిన డిస్కు మందం కొలవడంలో ఒక కిటుకు ఉంది. డిస్కు అంచున అరగని చోట గట్టులాంటిది మిగిలిపోతుంది. వెర్నియర్ దవడలు ఆ గట్టు మీద కూర్చుని మందం ఎక్కువ చూపిస్తాయి. రెండు వైపులా చెరొక రూపాయి బిళ్ళ పెట్టి, బిళ్ళలతో కలిపి కొలిచి, బిళ్ళల మందం తీసేయండి. ఈ బండి ముందు డిస్కు కొత్తలో సుమారు 12.6 మిల్లీమీటర్లు. రెండు మిల్లీమీటర్లు పోయాయంటే ఇక దానికి నూకలు చెల్లినట్టే. పుదుప్పేటలో లేత్ ఆయన "సార్, ఒక్క లైట్ కట్ కొడితే అద్దంలా వస్తుంది" అన్నాడు. అద్దంలా వచ్చే మాట నిజమే. కాకపోతే ఆ కట్టుకు పోయే లోహం నా డిస్కులో మిగల్లేదు. మందం చాలినంత ఉంటే మాత్రం లేత్ పని మంచి పనే, నేను దానికి వ్యతిరేకిని కాను.

సామాను సంగతికొస్తే సీల్ కిట్ ఏటీఈ, డిస్కులు జిమ్మర్మన్, ప్యాడ్లు ఇంకో జర్మన్ కంపెనీవి. విచిత్రం ఏమిటంటే 1962 నుంచీ బ్రేక్స్ ఇండియా మన మద్రాసు పాడిలోనే ఉంది, బ్రేక్ లైనింగులు చేసే రానే అంబత్తూరులో ఉంది. ఊరంతా బ్రేకులే, నా బండికి మాత్రం జర్మనీ నుంచి పార్సిల్ రావాలి. కార్ల సామాను షాపులుండే జనరల్ ప్యాటర్స్ రోడ్డులో అడగకపోలేదు. దొరికిన హోసులు పొడవు సరిపోయాయి గానీ, తయారైన తేదీ చూస్తే షాపులోనే ముసలివైపోయాయి. రబ్బరు వస్తువు వాడకపోయినా వయసు పెరుగుతుంది, హోసు మీద తేదీ చదవకుండా కొనకండి. పాత స్టాకు ప్యాడ్లు చవగ్గా ఇస్తామన్నా తీసుకోలేదు. ఆ కాలపు ప్యాడ్లలో ఆస్బెస్టాస్ ఉండే అవకాశం ఎక్కువ. విప్పే పాత ప్యాడ్ల దుమ్మును కూడా గాలి కొట్టి ఎగరగొట్టొద్దు, తడిపి తుడవండి.

ప్యాడ్లు తీయడం తేలిక. సన్న పంచ్‌తో బయటి నుంచి లోపలికి కొడితే రెండు పిన్నులు వచ్చేస్తాయి, ప్లస్ ఆకారపు స్ప్రింగు ఊడుతుంది, వేర్ సెన్సర్ (ప్యాడ్ అరిగితే హెచ్చరించేది) వైరు పీకేయాలి. డిస్కు మార్చడమే అసలు పని. ఈ బండిలో ముందు డిస్కు హబ్బుకు వెనక వైపు నుంచి ఐదు అలెన్ బోల్టులతో బిగించి ఉంటుంది. అంటే కాలిపర్ విప్పాలి, గ్రీజు మూత తీయాలి, బేరింగ్ నట్టు వదులు చేసి హబ్బు మొత్తం లాగాలి. మూత కింద చిన్న స్ప్రింగు ముక్క ఒకటి ఉంటుంది, రేడియోలో గరగర రాకుండా పెట్టింది. దాన్ని పారేయకండి. హబ్బు ఎలాగూ చేతికొచ్చింది కాబట్టి బేరింగులు కడిగి కొత్త గ్రీజు పెట్టుకోవాల్సిందే. బిగించేటప్పుడు ఆట ఎంత ఉండాలో డయల్ గేజ్‌తో చూసుకోవాలి. మా మెకానిక్ చేత్తో ఊపి చెప్పేస్తాడు, అది ఆయన విద్య, నాకు లేదు.

పిస్టన్లు బయటికి తీయడానికి కంప్రెసర్ గాలి జోలికి పోవద్దు, పిస్టన్ తూటాలా వచ్చి వేళ్ళు నలిపేస్తుంది. హోసు విప్పకముందే మధ్యలో చెక్క ముక్క పెట్టి, మెల్లగా పెడల్ తొక్కి బయటికి తెప్పించుకుంటే సరిపోతుంది. పట్టేసిన పిస్టన్ మీద బూటు (దుమ్ము పడకుండా ఉండే రబ్బరు తొడుగు) కింద, సరిగ్గా తేమ నిలిచే చోట, క్రోమ్ పూత లేచిపోయి ఆవగింజంత గుంటలు వరసగా ఉన్నాయి. ఎమెరీ పేపరుతో రుద్దితే మెరుస్తుంది గానీ గుంట పోదు, ఆ పిస్టన్ పక్కన పెట్టేశాను. అంతకంటే ముఖ్యమైన చోటు సీలు కూర్చునే గాడి. అందులో తుప్పు పేరుకుంటే కొత్త సీలు కూడా పిస్టన్ మీదికి నొక్కుకుపోతుంది. నున్నటి కర్రపుల్లతో గీకి, స్పిరిట్‌తో తుడవాలి. పెట్రోలు, డీజిలు, మామూలు గ్రీజు ఈ రబ్బరుకు తగలకూడదు, ఉబ్బిపోతుంది. షెడ్లలో పెట్రోలుతో కడిగేయడం చూశాను, అలాంటి చోట సీళ్ళు ఎందుకు నిలవవో వేరే చెప్పక్కర్లేదు. కాలిపర్ రెండు ముక్కల్ని విడదీయాల్సిన పని లేదు.

బ్లీడింగ్‌కు, అంటే లోపలి గాలి, పాత ఆయిల్ తీసేయడానికి, మా అన్నయ్య కొడుకు పెడల్ దగ్గర కూర్చున్నాడు. పెడల్ కింద చెక్క దిమ్మ పెట్టాను. పెడల్ తొక్కితే ఆయిల్‌ను నెట్టే పాత మాస్టర్ సిలిండర్‌లో పిస్టన్ ఎప్పుడూ పోని లోతుకు పెడల్ అడుగంటా తొక్కితే, అక్కడి తుప్పు గరుకు సీళ్ళను కోసేస్తుంది. దూరంగా ఉన్న వెనక చక్రంతో మొదలుపెట్టి ముందుకు వచ్చాం. మొదట కాఫీ డికాక్షన్ రంగులో వచ్చిన ఆయిల్ తేనెరంగుకు తిరిగాక, "బాబాయ్, ఇప్పుడు పెడల్ రాయిలా ఉంది" అన్నాడు వాడు.

ఆయిల్ డాట్ 4. కొత్తదైతే మరిగే ఉష్ణోగ్రత కనీసం 230 డిగ్రీలు ఉండాలని, తేమ పీల్చుకున్నాక కూడా 155కు తగ్గకూడదని దాని ప్రమాణం. ఆయిల్ మరిగి ఆవిరైతే పెడల్ మెత్తబడుతుంది. ఆ తేడా ఎంత పెద్దదో ఘాట్ దిగేటప్పుడు తెలుస్తుంది. ఏలగిరి మీద 14 హెయిర్‌పిన్ మలుపులు. ఇంతకుముందు దిగేటప్పుడు సగం దూరానికే పెడల్ మెత్తబడేది. ఇప్పుడు రెండో గేరులో దిగుతూ, మలుపు ముందు గట్టిగా తొక్కి వదిలేస్తూ వస్తే కింద దాకా ఒకేలా ఉంటుంది. కొత్త డిస్కుల వల్ల అనుకుంటారు చూసినవాళ్ళు. ఎక్కువ పుణ్యం ఆయిల్‌దే అని నా నమ్మకం. ఏటా వానలకు ముందు మారుస్తున్నాను, మూత తీసిన డబ్బాలో మిగిలింది మళ్ళీ వాడను. పెయింటు మీద పడితే మాత్రం వెంటనే నీళ్ళు కొట్టండి, పూత లేచిపోతుంది.

2023 డిసెంబరులో మిచాంగ్ వచ్చినప్పుడు మా వీధిలో నీళ్ళు హబ్బుల దాకా నిలిచాయి. నీళ్ళు పోయాక విప్పి చూస్తే బేరింగ్ గ్రీజు పాలు కలిపినట్టు తెల్లబడింది, మార్చాను. డిస్కుల మీద పట్టిన ఎర్రతుప్పు కాసేపు బ్రేకులు వేస్తూ నడపగానే పోయింది. కాలిపర్ బూట్లు మాత్రం ఎక్కడా చిట్లలేదు, కింద పిస్టన్లు పొడిగా, మెరుస్తూ ఉన్నాయి. ఈ పనికి నేనిచ్చే మార్కులన్నీ అక్కడే.

వంకలు లేకపోలేదు. ప్యాడ్ల నల్లదుమ్ము రిమ్ముల మీద ఊరికే పేరుకుంటుంది. పొద్దున్నే మొదటి రెండు మూడు సార్లు తొక్కినప్పుడు సన్నగా కీచుమంటాయి, ప్యాడ్ వెనక పేస్టు రాసినా పూర్తిగా పోలేదు. నాకు ఇబ్బంది లేదు, మా ఆవిడకు ఉంది.

వెనక చక్రాల సంగతి ఇంకా తేలలేదు. ఈ బండిలో హ్యాండ్ బ్రేకుకు వెనక డిస్కు మధ్యలోనే చిన్న డ్రమ్ము, అందులో షూలు ఉంటాయి. తుపాను తర్వాత అవి డ్రమ్ముకు అతుక్కుపోయాయి. ఒక లోకల్ షాపులో కొత్త లైనింగ్ అంటించి ఇచ్చారు, ఏడాది తిరక్కుండానే ఒక షూ మీది లైనింగ్ ఊడి చేతికొచ్చింది. ఇప్పుడు కొత్త షూలకు ఆర్డరు పెట్టాను. అవి వచ్చేదాకా బండి ఆపినప్పుడు గేరులో ఉంచి, చక్రం కింద చెక్క అడ్డం పెడుతున్నాను.