నార్మా రే: మిషిన్లు ఒక్కొక్కటే ఆగే సినిమా

రాంనగర్‌లో మా ఇంట్లో టీవీ ఎప్పుడూ గట్టిగానే మోగుతుంది. నాన్న ముప్పై ఏళ్లు స్పిన్నింగ్ మిల్లులో చేశాడు. మిల్లు ఎప్పుడో మూతపడింది, చెవుల్లో హోరు మాత్రం ఉండిపోయింది. అందుకే పోయిన ఆదివారం మార్టిన్ రిట్ తీసిన ‘నార్మా రే’ని ఆయన పక్కన కూర్చుని చూశాను. 1979 సినిమా. నాన్నకు ఇంగ్లీషు రాదు, నేనే మధ్యమధ్యలో చెప్పాను. చాలా చోట్ల చెప్పాల్సిన అవసరమే రాలేదు.

అమెరికా దక్షిణాన ఒక చిన్న ఊరు, ఊరందరికీ ఒకటే బట్టల మిల్లు. మొదట్లోనే నార్మా తల్లికి మగ్గాల చప్పుడుకి చెవులు వినపడకుండా పోతాయి. కూతురు భయంతో కంపెనీ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తే, మామూలే, మళ్లీ వస్తుందిలే అన్నట్టు మాట్లాడతాడు. నాన్న నా చెయ్యి పట్టుకుని, "మాకూ గట్లనే చెప్పిండ్రు బిడ్డా" అన్నాడు. ఆయన చెవుల గురించి నాతో మాట్లాడటం అదే మొదటిసారి.

గాల్లో తేలే దూది, జుట్టుకు అంటుకున్న నూగు, పక్క మనిషి చెవిలో అరిస్తే గానీ వినపడని మాట, అన్నీ నిజంగా ఉన్నాయి. నార్మాగా వేసిన శాలీ ఫీల్డ్ ఎక్కడా హీరోయిన్‌లా కనిపించదు. చెమట, అలసట, నోటి దురుసు, పిల్లల మీద ప్రేమ, అన్నీ కలిసిన మనిషి. ఆస్కార్ ఊరికే రాలేదు. చెయ్యి తిమ్మిరెక్కిందని నార్మా తండ్రి చెబితే, బ్రేక్ టైమ్ దాకా ఆగమంటారు. ఆయన మిషిన్ల మధ్యే పడిపోతాడు. అక్కడ నేను కాసేపు ఆపేయాల్సి వచ్చింది.

ఇక అందరూ చెప్పుకునే సీన్. మిల్లులో యూనియన్ కోసం పనిచేస్తున్న నార్మాను పనిలోంచి గెంటేస్తుంటే, ఆమె అట్ట ముక్క మీద ‘యూనియన్’ అని రాసి, టేబుల్ ఎక్కి, దాన్ని పైకెత్తి చుట్టూ తిప్పుతుంది. ఎవరూ నినాదం ఇవ్వరు. ఒక మిషిన్ ఆగుతుంది, తర్వాత ఇంకొకటి. అప్పటిదాకా తలలో మోగుతున్న హోరు తగ్గుతూ తగ్గుతూ పూర్తిగా పోతుంది. నిశ్శబ్దాన్ని ఇంత పెద్ద సంఘటనగా చూపించిన సినిమా నేను ఇంకోటి చూడలేదు.

ఇది నిజంగా జరిగింది. 1973లో నార్త్ కరోలినాలోని రోనోక్ ర్యాపిడ్స్‌లో, జె.పి. స్టీవెన్స్ మిల్లులో తువ్వాళ్లు మడతపెట్టే క్రిస్టల్ లీ సట్టన్ ఇలాగే టేబుల్ ఎక్కింది. ఉద్యోగం పోయింది. మరుసటి ఏడాది, యూనియన్ కావాలా వద్దా అన్న ఓటింగులో యూనియన్ గెలిచింది. సినిమా కూడా ఆ గెలుపు దగ్గరే ఆగిపోతుంది. నాకు నచ్చనిది అదే. కంపెనీ యూనియన్‌తో ఒప్పంద పత్రం మీద సంతకం పెట్టింది 1980లో, అంటే సినిమా వచ్చాక. గెలిచి నాలుగేళ్లు దాటినా ఒప్పందం ఇంకా రాలేదని, అయినా జనం నిలబడే ఉన్నారని ఒక్క వాక్యమైనా తెర మీద వేయాల్సింది. కార్మికుల్ని తెల్ల, నల్ల అని చీల్చడానికి యాజమాన్యం అంటించే నోటీసు కథలో అంత కీలకం కదా, అయినా ఒక్క నల్లజాతి కార్మికుడి ఇంటి గడప లోపలికి కూడా కెమెరా వెళ్లి కుదురుగా నిలబడదు. యూనియన్ పెట్టించడానికి న్యూయార్క్ నుంచి వచ్చిన ఆర్గనైజర్‌కిచ్చిన టైములో కొంత వాళ్లకివ్వాల్సింది.

అయినా చూడండి. రెండు గంటలే. సబ్‌టైటిల్స్ పెట్టుకోండి, సౌండ్ మాత్రం తగ్గించకండి.

అయిపోయాక నాన్న అడిగాడు, "మొదలు మిషిన్ బంద్ జేసింది ఎవరు బిడ్డా? పేరు చెప్పిండ్రా?" నాకు గుర్తు లేదు. వెనక్కి తిప్పి, ఆ సీన్ మళ్లీ పెట్టాను. ఆయన కుర్చీ టీవీకి దగ్గరగా జరుపుకున్నాడు.