ఒలిచిన పచ్చి బఠాణీ కొంటున్నారా? ముందు నీళ్లలో వేసి చూడండి

విశాఖలో ఒలిచిన పచ్చి బఠాణీని కవర్లలో కొనేవాళ్లు దయచేసి ఇది చదవండి. మొన్న ఎంవీపీ కాలనీలో ఒక దుకాణంలో కొన్న బఠాణీకి రంగు వేసి ఉంది. పిల్లల క్యారేజీలోకి పులావ్ చేద్దామని కడుగుతుంటే నీళ్లు ఆకుపచ్చగా దిగాయి. మళ్లీ కడిగినా అంతే. గింజను గోటితో చీలిస్తే తొక్క ముదురు పచ్చ, లోపల పప్పు పాలిపోయిన పసుపు. కొన్నిటికి తొక్క దానంతటదే ఊడి, బద్దలు విడిపోతున్నాయి. కాయ ఒలిచి తీసిన గింజ ఇలా ఉండదు. ఎండు బఠాణీని నానబెట్టి, రంగులో ముంచి, తాజా సరుకు ధరకు అమ్ముతున్నారు.

దుకాణదారుని అడిగితే, "హోల్‌సేల్‌లో ఇలాగే వచ్చిందండీ, మేమేం కలపలేదు" అన్నాడు. డబ్బు తిరిగిచ్చాడు. మిగతా కవర్లు మాత్రం అలాగే అమ్మకానికి ఉంచాడు. నాకు ఎక్కువ కోపం తెప్పించింది ఇదే. ఆ కవర్లు ఇంకెవరో పిల్లలకే కదా వండి పెడతారు!

తాజా గింజకు పచ్చదనం ఇచ్చేది పత్రహరితం. అది చన్నీళ్లలో కరగదు. గాజు గ్లాసులో కాసిని గింజలు వేసి, నీళ్లు పోసి కలిపి అరగంట ఉంచండి. నీళ్లు పచ్చబడితే రంగు వేసినట్టే. బెండకాయ, పచ్చిమిర్చి లాంటివైతే దూదిని లిక్విడ్ పారఫిన్ అనే రంగులేని నూనెలో తడిపి తొక్క మీద రుద్దండి, దూదికి పచ్చరంగు అంటకూడదు. ఈ రెండూ దేశంలో ఆహార ప్రమాణాలు చూసే కేంద్ర సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ చెప్పిన పరీక్షలే. ఇలాంటి కల్తీలో వాడే మాలకైట్ గ్రీన్ బట్టల అద్దకం రంగు, తిండిలో నిషిద్ధం. ఉప్పునీళ్లలో కడిగితే పోతుందిలే అనుకోకండి, నానిన గింజ రంగును లోపలికి పీల్చుకుంటుంది.

అనుమానం వస్తే సరుకు పారేయకండి. కవరు, బిల్లు, లైసెన్సు నంబరు ఫోటో తీసి ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబరు 1800112100కి గానీ, వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి గానీ ఫోన్ చేయండి. 2006 ఆహార భద్రత చట్టం సెక్షన్ 40 ప్రకారం మనమే ఫీజు కట్టి ఫుడ్ అనలిస్టు చేత పరీక్ష చేయించుకోవచ్చు. కల్తీ తేలితే ఆ ఫీజు వెనక్కి వస్తుంది. కాకపోతే పరీక్షకు ఇస్తామని కొనేటప్పుడే దుకాణదారుకు చెప్పాలి.

మా ఇంట్లో ఇక కవర్ల బఠాణీ బంద్. చలికాలంలో రైతుబజారులో కాయలు కొని ఒలుచుకుంటాం, మిగతా రోజుల్లో ఎండు బఠాణీ మేమే నానబెట్టుకుంటాం.