బి-275 డైనమో, సెల్ఫ్ తిరిగి కట్టించి నాలుగో ఏడు: పనికొచ్చిందా?

పాత ట్రాక్టరుకు డైనమో (బ్యాటరీని చార్జ్ చేసే పాతకాలపు జనరేటరు) మొరాయిస్తే ఇప్పుడు ఎవరిని అడిగినా ఒకటే మాట. "పీకి పారేసి ఆల్టర్నేటర్ పెట్టించన్నా, గొడవ వదిలిపోద్ది." నేను పెట్టించలేదు. మా బి-275కి ఉన్న డైనమోనే, ఇంజనును స్టార్ట్ చేసే సెల్ఫ్ మోటారునే పూర్తిగా విప్పించి తిరిగి కట్టించాను. నాలుగో ఏడు నడుస్తోంది. నా వరకు ఆ డబ్బు దండగ కాలేదు. కానీ ఊళ్లో ఎవరైనా అడిగితే అందరికీ చేయించమని చెప్పను.

ముందు బండి సంగతి. మహీంద్రా, వోల్టాస్, అమెరికా కంపెనీ ఇంటర్నేషనల్ హార్వెస్టర్ కలిసి 1963లో పెట్టిన కంపెనీ తయారుచేసిన మోడల్ ఇది. నాలుగు సిలిండర్ల డీజిల్, 35 హార్స్ పవర్ ప్రాంతం. మాది నెల్లూరు జిల్లా పొదలకూరు వైపు నిమ్మతోట. నిమ్మకొమ్మలు కిందికి వాలి ఉంటాయి, ముళ్లు సరేసరి. కొత్త పెద్ద ట్రాక్టరు సాళ్ల మధ్య దూరదు. దూరినా కొమ్మలు విరుస్తుంది. ఈ పాతది ఒదిగి పోతుంది. అంతర సేద్యం, మందు కొట్టే ట్యాంకరు లాగడం, కోతల్లో కాయల గోతాలు మార్కెట్‌కు చేర్చడం, ఇంతే దాని పని. అందుకే అమ్మలేదు.

అప్పటికి రెండు రోగాలు. ఎంత రేస్ ఇచ్చినా చార్జింగ్ లైటు ఆరదు. తాళం తిప్పితే సెల్ఫ్ 'టక్' అని ఊరుకుంటుంది. ఇది హీటర్ ప్లగ్గులున్న ఇంజను. ఎండాకాలంలో ఎలాగోలా అందుకుంటుంది గానీ, పుష్యమాసంలో తెల్లారే మందు కొట్టాలంటే ప్లగ్గులు వేడెక్కాలి, ఆపైన సెల్ఫ్ గట్టిగా తిప్పాలి. రెండింటికీ బ్యాటరీ నిండుగా ఉండాలి. కాబట్టి ఒకటి బాగుచేసి రెండోది వదిలేస్తే ప్రయోజనం లేదని రెండూ కలిపి దించాం.

దించకముందు ఒక పరీక్ష చేయించాను. ఇది ఎవరైనా చేయించుకోవాలి, ఎందుకంటే తప్పు చాలాసార్లు డైనమోలో ఉండదు, కటౌట్ బాక్సులో (డైనమోను బ్యాటరీకి కలిపి, విడదీసే డబ్బా) ఉంటుంది. డైనమో వెనక రెండు టెర్మినళ్లుంటాయి. పెద్దది డి, చిన్నది ఎఫ్. రెండు వైర్లూ పీకి, ఆ టెర్మినళ్లను చిన్న తీగతో కలిపి, ఆ తీగకూ బాడీకీ మధ్య మీటరు పెట్టి నిదానంగా రేస్ పెంచాలి. బాగున్న డైనమో అయితే వోల్టేజి ఆగకుండా ఎక్కుతూ పోతుంది. ఇరవై దగ్గరకు రాగానే రేస్ తగ్గించెయ్యాలి. మాది నాలుగైదు వోల్టుల దగ్గర నిలబడిపోయింది. అలా ఆగితే ముందు అనుమానించాల్సింది ఆర్మేచర్‌నే, అంటే లోపల తిరిగే తీగచుట్ల భాగాన్నే.

నెల్లూరు వైండింగ్ షాపులో గ్రోలర్ (చుట్లలో షార్ట్ పట్టిచ్చే పరికరం) మీద పెట్టి, పైన పాత హాక్సా బ్లేడు ఆనించి తిప్పారు. ఒక గాడి దగ్గరకు రాగానే బ్లేడు గడగడా కొట్టుకుంది. షార్ట్ దొరికింది. ఆర్మేచర్ తిరిగి చుట్టించి, వార్నిష్ ముంచి, ఓవెన్‌లో ఆరబెట్టించాం. ఎండలో ఆరబెట్టి ఇచ్చేవాళ్లూ ఉన్నారు, వాళ్లకు ఇవ్వకండి. మన దగ్గర పెద్ద వానలన్నీ అక్టోబరు నుంచి డిసెంబరు దాకానే. వార్నిష్ సరిగ్గా గట్టిపడకపోతే ఆ చెమ్మకు మొదటి ఏడే బయటపడుతుంది.

అసలు పనితనం కమ్యుటేటర్ దగ్గర, అంటే ఆర్మేచర్ కొసన కార్బన్ బ్రష్‌లు ఆనే రాగి పలకల చుట్టు దగ్గర ఉంది. రాగి పలకల్ని లేతులో నున్నగా తీశాక, వాటి మధ్య ఉన్న అభ్రకాన్ని రాగి కంటే కొంచెం కిందికి, ముప్పాతిక మిల్లీమీటరు లోతుకు కోయాలి. లేకపోతే రాగి అరిగేకొద్దీ అభ్రకం పైకి తేలి బ్రష్‌ను ఎగరేస్తుంది, నిప్పురవ్వలు మొదలవుతాయి. షాపాయన హాక్సా బ్లేడు పక్కలు అరగదీసి దాంతోనే ఓపిగ్గా గీశాడు. గూడూరు, సైదాపురం గనుల అభ్రకం ఒకప్పుడు ఓడలెక్కి విదేశాలకు పోయేది, ఇలాంటి కరెంటు యంత్రాల కోసం. ఆ గనుల పక్క ఊళ్ల వాళ్లం, డైనమో లోపల అభ్రకం ఉంటుందని మాలో ఎంతమందికి తెలుసో!

సెల్ఫ్ మోటారు దగ్గర మాత్రం నేను అడ్డం పడాల్సి వచ్చింది. డైనమోకు కోసిన చేత్తోనే దీనికీ కోయబోయారు. లూకాస్ తరహా సెల్ఫ్‌లో అభ్రకాన్ని కోయకూడదు, నున్నగా తీసి వదిలెయ్యాలి. దాని బ్రష్‌లు వేరే రకం, కరెంటు కూడా డైనమో కంటే ఎన్నో రెట్లు. గాడులుంటే అందులో బ్రష్ పొడి చేరి పలకలు కలిసిపోతాయి. "అన్నిటికీ కోస్తాం కదన్నా" అన్నాడు కుర్రాడు. లోపల ఉన్న పెద్ద మేస్త్రీ బయటికొచ్చి నేను చెప్పిందే కరెక్టని అన్నాక ఆగాడు.

మిగతావి చకచకా అయిపోయాయి. కొత్త బ్రష్‌లు, స్ప్రింగులు, ముందు బేరింగు, వెనక ఇత్తడి బుష్. ఆ బుష్ నూనె పీల్చుకునే రకం, ఒక రోజంతా ఇంజనాయిల్‌లో నానబెట్టాకే ఎక్కించాలి. ఖర్చు రెండింటికీ కలిపి ఆల్టర్నేటర్ కిట్టుకు చెప్పిన ధరలో సగం లోపే తేలింది.

బండికి ఎక్కించాక ఒక చిన్న పని మరిచిపోతే ఇదంతా చేసి కూడా చార్జింగ్ రాదు. విప్పి కట్టిన డైనమోలో మిగులు అయస్కాంతం (కరెంటు పుట్టడం మొదలవడానికి లోపలి ఇనుములో మిగిలి ఉండే కొద్దిపాటి అయస్కాంత శక్తి) పోయి ఉండొచ్చు, తిరగబడైనా ఉండొచ్చు. ఎఫ్ వైరు పీకి, బాడీకి కలపని బ్యాటరీ కొస నుంచి ఒక తీగ తెచ్చి ఎఫ్ టెర్మినల్‌కు క్షణం పాటు తాకించాలి. చిన్న నిప్పు వస్తుంది, అంతే. పాత బండ్లలో ప్లస్ కొస ఎర్త్ అయి ఉండేవీ ఉన్నాయి, ముందు అది చూసుకోండి. వానాకాలమంతా బండి షెడ్డులో పడి ఉంటే నేను ఇప్పటికీ ఒకసారి తాకిస్తాను.

ఇన్నేళ్లలో సెల్ఫ్ ఒక్కసారి కూడా ఇబ్బంది పెట్టలేదు. తిప్పితే తిరుగుతోంది. డైనమోకు అప్పుడప్పుడు వెనక బుష్ రంధ్రంలో రెండు చుక్కల నూనె వేస్తున్నాను. అంతకంటే పోస్తే కమ్యుటేటర్ మీదికి పోతుంది. కోతలు ముగిశాక బ్రష్‌లు తీసి చూసి, పెట్రోలు తడిపిన గుడ్డతో కమ్యుటేటర్ తుడిపిస్తాను. ఎమరీ పేపరు మాత్రం తాకనివ్వను, దాని పొడి గాడుల్లో చేరితే షార్టే.

తలనొప్పి వచ్చింది కటౌట్ బాక్సుతో. పాతది అరిగిందని కొత్తది కొన్నాను, డబ్బా మెరిసిపోతోంది గానీ డూప్లికేట్. ఇంజను ఆపాక పాయింట్లు విడివడలేదు. బ్యాటరీ కరెంటు వెనక్కి డైనమోలోకి పారి, చెయ్యి పెట్టలేనంత కాలింది, వార్నిష్ వాసన కొట్టింది. వెంటనే బ్యాటరీ కొస పీకబట్టి ఆర్మేచర్ మిగిలింది. ఆ డబ్బా తీసేసి పాతదాన్నే పాయింట్లు రుద్దించి, సెట్టింగు చేయించి పెట్టాను. బ్యాటరీకి మెయిన్ స్విచ్ కూడా పెట్టించాను. డైనమో ఉన్న బండికి అది లేకుండా నడపడం నాకైతే ఇప్పుడు టెన్షనే.

ఇంకో లోపం మరమ్మతుతో పోయేది కాదు. స్లోలో డైనమో చార్జ్ చెయ్యదు. ఈ సైజు లూకాస్ డైనమో ఇచ్చేదే గరిష్ఠంగా 22 ఆంపియర్లు, అదీ రేస్‌లో ఉన్నప్పుడు. 45 వాట్ల హెడ్‌లైట్లు రెండు వెలిగితే ఏడున్నర ఆంపియర్లు పోతాయి. దున్నేటప్పుడు సరిపోతుంది. కోతల్లో యార్డు ముందు గోతాల బండ్ల వరుసలో, లైట్లు వేసుకుని స్లోలో గంటసేపు నిలబడితే మాత్రం తినేదంతా బ్యాటరీనే. నేను ఎల్ఈడీ బల్బులు వేయించాక ఆ బాధ చాలా తగ్గింది.

రాత్రిళ్లు ఇసుకో కంకరో తోలే బండి అయితే, పాటల పెట్టె, అదనపు లైట్లు ఉంటే, ఆల్టర్నేటరే పెట్టించుకోండి, వాదన లేదు. మాలాగా పగలు తోటలో తిరిగే బండికి, ఆర్మేచర్ చుట్టడం తెలిసిన మేస్త్రీ దగ్గర్లో ఉంటే, పాతదే చాలు. ఉత్త బ్రష్‌లు మార్చి కట్టేస్తానంటే మాత్రం ఒప్పుకోవద్దు. బుష్ అరిగి ఆర్మేచర్ ఊగుతుంటే కొత్త బ్రష్‌లు ఆరు నెలలు కూడా నిలవవు.

ఇప్పుడు మిగిలింది ఫ్లైవీల్ రింగు, అంటే ఇంజను చక్రం చుట్టూ సెల్ఫ్ తగిలే పళ్ల చుట్టు. నాలుగు సిలిండర్ల ఇంజను ఆపినప్పుడల్లా ఎదురెదురుగా ఉన్న రెండు చోట్లలో ఏదో ఒక దగ్గరే ఆగుతుంది కాబట్టి, సెల్ఫ్ పళ్లు ఎప్పుడూ అక్కడే తగిలి రింగు పళ్లు అక్కడే అరుగుతాయి. మా రింగుకు ఒక చోట అప్పుడప్పుడు గర్రుమంటోంది. క్లచ్ ప్లేటు మార్చడానికి బండి విడదీసినప్పుడు రింగు వేడిచేసి ఊడదీసి, పావు చుట్టు తిప్పి ఎక్కించమని చెప్పి పెట్టాను.