డిసెంబరులో ఇస్లా ముహేరెస్: కార్టు తాళాలు తిరిగిచ్చేశాక

మేం గోల్ఫ్ కార్టు తీసుకున్నది ఒక్కరోజు. ఆ ఒక్కరోజూ దండగే. ఇస్లా ముహేరెస్ మెక్సికోలో కాన్‌కూన్ దగ్గరి చిన్న ద్వీపం. పొడవు ఏడు కిలోమీటర్ల చిల్లర, వెడల్పు చాలాచోట్ల కిలోమీటరు కూడా ఉండదు. ఉత్తరాన ఊళ్లో అయితే ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకి ఐదు నిమిషాల నడక. అయినా ఫెర్రీ దిగీ దిగగానే నలుగురు చుట్టుముట్టి "కార్ట్? కార్ట్?" అని వెంటపడుతుంటే, ఇది లేకపోతే ఇక్కడ కాలు కదపలేమేమో అన్న టెన్షన్ ఎవరికైనా వస్తుంది. మాకూ వచ్చింది.

అద్దె రోజుకి వెయ్యి పెసోల పైమాటే. షాపువాడు ఒరిజినల్ పాస్‌పోర్టు తన దగ్గర పెట్టమన్నాడు. నేను ససేమిరా అన్నాక కార్డు మీద డిపాజిట్‌కి ఒప్పుకున్నాడు. తిరిగిచ్చేటప్పుడు బంపర్ మీద గీత ఒకటి చూపించి మొహం సీరియస్‌గా పెట్టాడు. బండి తీసుకునేముందు చుట్టూ తిరిగి వీడియో తీసి ఉంచుకున్నాను కాబట్టి సరిపోయింది. మీరు తీసుకుంటే మాత్రం ఈ రెండు పనులూ తప్పకుండా చేయండి: పాస్‌పోర్టు ఇవ్వకండి, వీడియో తీయండి.

అసలు మేం తీసుకున్న రోజే తప్పు. అది డిసెంబరు 8.

వెళ్లింది నేనూ, మా అమ్మా. నేనుండేది డల్లాస్‌లో. అమ్మ ఒంగోలు నుంచి అక్టోబరులో వచ్చింది. చెల్లుబాటులో ఉన్న అమెరికా వీసా ఉంటే మనవాళ్లకి మెక్సికో వీసా విడిగా అక్కర్లేదు, విమానం కూడా మూడు గంటల లోపే. డిసెంబరు 6న బయల్దేరి వారం ఉన్నాం. కాన్‌కూన్ ఎయిర్‌పోర్టు బయట టాక్సీవాళ్ల హడావిడి దాటుకుని ఆడో (ADO) అనే కంపెనీ బస్సు ఎక్కి కాన్‌కూన్ ఊళ్లో దిగాం, అక్కణ్ణుంచి చిన్న టాక్సీలో పుయెర్తో హువారెస్ రేవుకి. హోటళ్ల జోన్ నుంచి కూడా ఫెర్రీలున్నాయి కానీ తక్కువ, రేటూ కొంచెం ఎక్కువ. పుయెర్తో హువారెస్ నుంచైతే దాటడానికి ఇరవై నిమిషాలు. రానూపోనూ మనలాంటి విదేశీయులకి 500 పెసోలు దాటుతుంది, స్థానికులకి తక్కువ. పైడెక్కు మీద కూర్చోండి, నీళ్ల రంగు మారడం కనిపిస్తుంది. ఒక్క మాట: డల్లాస్ కంటే అక్కడ టైము గంట ముందు. ఫోన్ మార్చుకుంటుంది, అమ్మ చేతి వాచీ మార్చుకోదు. రెండ్రోజులు మాకు ఆ గొడవే.

డిసెంబరు ఎందుకంటే, ఆ నెలంతా అక్కడ పండగే. ద్వీపానికి అమ్మవారు ఇన్మకులాదా కన్సెప్సియోన్, అంటే నిష్కళంక మేరీమాత. నవంబరు చివర్లో మొదలయ్యే పూజలు డిసెంబరు 8తో ముగుస్తాయి. 12న దేశం మొత్తానికీ గ్వాదలూపే మాత పండగ. 16 నుంచి క్రిస్మస్ దాకా పోసాదాలు, ఇంటింటికీ పాటలు పాడుకుంటూ వెళ్లడం. మాకు మొదటి రెండూ దక్కాయి.

దాని ఫలితం మొదటి రాత్రే తెలిసింది. ఇదాల్గో వీధి పక్కన గది బుక్ చేశాను. ఊరికి నడిబొడ్డు, బండ్లు లేని వీధి, గుడి నాలుగడుగులు, ఫొటోల్లో బాల్కనీ. ఆ బాల్కనీ కింద బారు. రాత్రి ఒంటిగంట దాకా పాటలు, తెల్లవారుజామున ఐదింటికి గుడి దగ్గర తారాజువ్వలు. అమ్మ ఉలిక్కిపడి లేచి కూర్చుంది. కిందకెళ్లి అడిగితే రిసెప్షన్‌లో అబ్బాయి చిన్న డబ్బాలోంచి రెండు జతల ఇయర్‌ప్లగ్స్ తీసి ఇచ్చాడు, సొరుగులో సిద్ధంగా పెట్టుకున్నాడు! వేడినీళ్లు కూడా ఇద్దరిలో ఒకరికే వచ్చేవి. రెండో రాత్రి గడిచాక ఖాళీ చేశాం. పండగ రోజుల్లో ఊళ్లో ఉండాలనుకుంటే వీధివైపు గది తీసుకోకండి, వెనకవైపు అడగండి.

తర్వాత దిగింది లా గ్లోరియా అనే కాలనీలో, ఒక కుటుంబం ఇంటి మేడ మీద గది. ద్వీపం మధ్యకి కాస్త దక్షిణాన, టూరిస్టుల కంటే స్థానికులే ఎక్కువ. అద్దె మొదటిదానిలో సగం. గ్యాస్ పొయ్యి, రెండు గిన్నెలు, మేడ మీద బట్టలారేసుకునే తాళ్లు. పక్కింటి కోడి నాలుగింటికే కూస్తుంది కానీ అమ్మకి అది చప్పుడు కింద లెక్కకాదు. బీచ్ కోసమే వెళ్లేవాళ్లకి ఈ ఇల్లు పనికిరాదు, ఉత్తరపు కొసన ఉన్న ప్లాయా నోర్తే బీచ్ మూడు నాలుగు కిలోమీటర్లు. చిన్న బస్సు ఉంది, వచ్చినప్పుడు వస్తుంది. టాక్సీ రేట్లు స్టాండు దగ్గర బోర్డు మీద రాసే ఉంటాయి, బేరమాడే పని లేదు.

8వ తేదీకి వస్తాను. సాయంత్రం కార్టు తిరిగిచ్చేద్దామని ఊళ్లోకి వస్తుంటే ఒక మలుపు దగ్గర దారి కట్టేశారు. మా వెనక ఇంకో పది కార్టులు. ముందు బ్యాండు, దాని వెనక భుజాల మీద అమ్మవారు. ముసలివాళ్లు, పిల్లలు, తెల్లటి గౌన్ల మీద రంగుదారాల పువ్వులు కుట్టిన ఉయిపిల్ వేసుకున్న ఆడవాళ్లు. సముద్రపు గాలికి కొవ్వొత్తులు ఆరిపోకుండా ప్లాస్టిక్ గ్లాసు అడుగున చిల్లు పెట్టి, అందులోంచి కొవ్వొత్తిని దూర్చి పట్టుకున్నారు. కరిగిన మైనం గ్లాసులోనే పడుతోంది, చెయ్యి కాలదు. అమ్మ దాన్నే చూస్తూ, "మనవాళ్లకి ఈ తెలివి ఎందుకు రాలేదే" అంది. ఆ తర్వాత, "పల్లకీ సేవే కదా ఇది, కొబ్బరికాయలే తక్కువ."

నలభై నిమిషాలు కార్టులో కూర్చున్నాం. నడిచి వచ్చినవాళ్లు హాయిగా ఊరేగింపులో కలిసిపోయారు. మేం మాత్రం స్టీరింగ్ పట్టుకుని వాళ్ల వీపులు చూస్తూ ఉండిపోయాం. ఆ రాత్రే తాళాలు ఇచ్చేశాను.

మేం దిగిన ఇంటి ఓనరావిడ ఈ అమ్మవారి కథ చెప్పింది. నా ఆఫీసు స్పానిష్‌కి అర్థమైనంత వరకు: 1890లో జాలర్లకి ఎకాబ్ అనే పాడుబడ్డ పాత ఊళ్లో మూడు విగ్రహాలు దొరికాయి, ముగ్గురూ అక్కచెల్లెళ్లు. ఒకామె ఇక్కడ ఉండిపోయింది, మిగతా ఇద్దరూ అవతలి నేల మీది ఊళ్లకి వెళ్లారు. ఈమె రాత్రిళ్లు పీఠం దిగి అక్కచెల్లెళ్ల కోసం ఒడ్డు వెంట తిరిగేదట, తెల్లారి చూస్తే గౌను అంచుకి ఇసుక. అమ్మకి తర్జుమా చేసి చెప్పాను. "ఆవిడ కూడా కార్టు ఎక్కలేదన్నమాట" అంది.

10న ద్వీపం చుట్టొచ్చాం. నా ఫోన్ లెక్కలో పదిహేను కిలోమీటర్లకి కొంచెం తక్కువ. ఉదయం ఆరున్నరకి లా గ్లోరియా నుంచి తూర్పు ఒడ్డు రోడ్డు పట్టుకుని దక్షిణానికి. ఈ వైపు సముద్రం అందంగా ఉంటుంది కానీ దిగడానికి కాదు, రాళ్ల మీద అలలు విరుచుకుపడతాయి. నీడ అస్సలు లేదు. టోపీ, రెండు లీటర్ల నీళ్లు లేకుండా బయల్దేరకండి. దారిలో శంఖం ఆకారంలో కట్టిన తెల్లటి ఇల్లు కనిపిస్తుంది. అద్దెకిస్తారు, ఆగి ఫొటో తీసుకునేవాళ్లే ఎక్కువ.

చివర పుంతా సుర్. దేశంలో సూర్యుడు ముందు కనిపించేది ఇక్కడే అని ద్వీపం వాళ్లు చెప్పుకుంటారు. టికెట్టు ఉంది. కొండకొమ్ము మీద ఇష్చెల్ గుడి, ఆవిడ పాతకాలపు మాయా నాగరికత వాళ్ల దేవత. చంద్రుడికీ ప్రసవాలకీ ఆవిడ దేవత. గుడి అంటే ఇప్పుడు మిగిలింది కొన్ని రాతి గోడలే, 1988లో గిల్బర్ట్ తుపాను చాలావరకు కొట్టుకుపోయేలా చేసింది. 1517లో స్పెయిన్ నౌకలు వచ్చినప్పుడు ఇక్కడ ఆడదేవతల బొమ్మలు చూసే "ఆడవాళ్ల ద్వీపం" అని పేరు పెట్టారంటారు. గుడి చూడ్డానికి వెళితే నిరాశ పడతారు. దాని కిందుగా కొండ అంచున వేసిన మెట్లదారి కోసం వెళ్లండి. రాళ్ల మీద ఉడుముల్లాంటి ఇగ్వానాలు ఎండ కాగుతూ ఉంటాయి, మనం పక్కనుంచి వెళ్లినా కదలవు. కార్టుల గుంపు పదింటి తర్వాత వస్తుంది. మేం అప్పటికి వెనక్కి తిరిగాం.

పడమటి వైపు తిరుగు ప్రయాణం అంత బాగుండదు. గర్రఫోన్ దగ్గర పార్కులున్నాయి, టికెట్టు ఖరీదు చూసి ముందుకి నడిచాం. అసియెండా ముందాకా అనే తోట 19వ శతాబ్దపు బానిసల వ్యాపారిది. ఫెర్మీన్ ముందాకా ఒక ద్వీపపు అమ్మాయి కోసం కట్టించాడని, ఆమె వేరేవాణ్ణి పెళ్లి చేసుకుందని కథ. నాకు ఆ విరహం కథ మీద జాలి కలగలేదు, బానిసల్ని అమ్ముకున్న డబ్బుతో కట్టిన తోట అది. దోమలు విపరీతం. అతని సమాధి ఉత్తరాన స్మశానంలో, పుర్రె బొమ్మతో ఉంది. మనిషి మాత్రం మెరిదాలో పోయాడు, సమాధి ఖాళీ.

అమ్మ కాళ్లు ప్లాయా లాంచెరోస్ దగ్గర మొరాయించాయి. అక్కడ తికిన్ షిక్ చేస్తారు: చేపని చీల్చి, ఆచియోతె గింజల ముద్ద, పుల్ల నారింజ రసం పట్టించి అరటాకులో పెట్టి నిప్పుల మీద కాలుస్తారు. నేను తిన్నాను, ఆ వారంలో తిన్నవాటిలో ఇదే మొదటి మార్కు. అమ్మ శాకాహారి. అన్నం తెప్పిస్తే కోడి పులుసులో వండినది. నల్ల చిక్కుళ్లు అడిగితే పంది కొవ్వు వేశారు. "సిన్ కార్నె", అంటే మాంసం లేకుండా, అని చెబితే ఎర్రమాంసం మాత్రమే తీసేస్తారు, కోడీ హామూ వాళ్ల లెక్కలో మాంసం కావు. "మాన్తెకా (పంది కొవ్వు) లేకుండా, పోయో (కోడి) లేకుండా" అని పేరు పేరునా చెప్పాలి. చివరికి మేడ మీద పొయ్యే దిక్కయింది. తెచ్చుకున్న కందిపొడి, మార్కెట్లో కొన్న అవకాడో, అన్నం.

అమ్మకి నచ్చిన ఒకే ఒక్కటి హమైకా నీళ్లు. ఎర్రటి చల్లటి పానీయం, ప్రతి లోంచెరియాలోనూ, అంటే చిన్న భోజన హోటల్లోనూ, గాజు జాడీల్లో ఉంటుంది. ఒక గుక్క తాగి ఆగిపోయింది. "ఏమే, ఇది గోంగూర పులుపు!" నిజంగానే. ఎర్ర గోంగూర మొక్కకి పువ్వు రాలాక మిగిలే ఎర్రటి రక్షక పత్రాలు ఎండబెట్టి మరగబెడతారు. మనం ఆకు తిని వదిలేస్తాం, వీళ్లు ఆకు వదిలి అది తాగుతారు. వారంలో ఎన్ని గ్లాసులు తాగిందో లెక్కలేదు. అబనేరో అనే మిరప పచ్చడి మాత్రం జాగ్రత్త. గుంటూరు కారం తిన్న ధైర్యంతో నేను చెంచాడు వేసుకుని పది నిమిషాలు మాట్లాడలేకపోయాను.

11న ఉత్తరగాలి లేచింది. "నోర్తే" అంటారు. చిన్న పడవలు ఆపేశారు, మేం చూద్దామనుకున్న సముద్రం అడుగు శిల్పాల మ్యూజియం చూడలేకపోయాం. డిసెంబరు, జనవరిల్లో పడవ టూర్లకి ముందే డబ్బు కట్టేముందు వాపసు సంగతి అడగండి. మధ్యాహ్నం రేవు దగ్గర నిలబడి ఉండగా ఫెర్రీలోంచి ఒకే రంగు టీషర్టుల గుంపు దిగింది. ఒక సైకిలుకి పూలు కట్టిన గ్వాదలూపే మాత పటం. ఒకతను ఆరిపోయిన కాగడా పట్టుకున్నాడు. పడవలో నిప్పు కుదరదు కాబట్టి ఆర్పారు, గట్టు మీద మళ్లీ వెలిగించారు. ఈల వేసి పరుగు మొదలుపెట్టారు. వీళ్లని ఆంతోర్చిస్తాలంటారు. మొక్కుకుని ఎక్కడో దూరపు గుడికి బస్సులో వెళ్లి, అక్కణ్ణుంచి కాగడా చేతులు మార్చుకుంటూ పరుగెత్తి ఊరు చేరతారు. ఒక కుర్రాడికి చెప్పుల్లేవు, మడమలకి టేపు చుట్టి ఉంది.

"మాల వేసుకున్న స్వాములే" అంది అమ్మ. వాళ్లు మలుపు తిరిగేదాకా నిలబడి చూసింది. అదే నెలలో మనవైపు నల్లబట్టలతో నడిచేవాళ్లు గుర్తొచ్చారు నాకూ.

ఆ రాత్రి తూర్పు ఒడ్డున గ్వాదలూపే చాపెల్‌కి వెళ్లాం, మా ఇంటి నుంచి నడకే. బలిపీఠం వెనక అద్దాలు, వాటి వెనక సముద్రం. చీకట్లో అలలు కనిపించవు, వినిపిస్తాయి. 1531లో హువాన్ దియేగో అనే సామాన్యుడికి మాత కనిపించిందని నమ్మకం, అందుకే పిల్లలకి అతని వేషం వేస్తారు. మా ముందు బెంచీలో ఒక తల్లి నాలుగేళ్ల వాడి గడ్డం పట్టుకుని కనుబొమల పెన్సిల్‌తో మీసం గీస్తోంది. వాడు తుమ్మాడు. మీసం చెంపదాకా వెళ్లిపోయింది. ఆవిడ బొటనవేలు తడిచేసి తుడిచి మళ్లీ మొదలుపెట్టింది. అర్ధరాత్రికి అందరూ లేచి మాతకి పుట్టినరోజు పాట, మాన్యానితాస్, పాడారు. పాడిన తర్వాత వేడి చాక్లెట్, తమాలెలు (ఆకులో చుట్టి ఉడికించే మొక్కజొన్న పిండి ముద్దలు) పంచారు. అమ్మ తమాలె చేతిలో పట్టుకుని నావైపు చూసింది. విప్పి చూశాను, పంది. చాక్లెట్ ఒక్కటే తాగింది, రెండోసారి కూడా అడిగింది.

ప్లాయా నోర్తే గురించి చెప్పనే లేదు. బాగుంటుంది, నడుము లోతు నీళ్లలో చాలా దూరం వెళ్లొచ్చు, చలికాలంలో సముద్రపు నాచు బాధ పెద్దగా ఉండదు. కుర్చీకి డబ్బు కట్టాలా, తిండికి కనీస బిల్లు చేస్తే చాలా అని ముందే అడగండి. మేం ఒక్క సాయంత్రం వెళ్లాం. కూడలిలో మార్కెసితా కొనుక్కుని, అంటే గొట్టంలా చుట్టిన కరకరలాడే పొర లోపల తురిమిన చీజ్, తింటూ ఇసుకలో కూర్చున్నాం.

13 ఉదయం ఫెర్రీలో మా ఎదురు సీట్లో ఒక తల్లి ఒళ్లో పిల్లాడు నిద్రపోతున్నాడు. ఆ రాత్రి చూసినవాడేనో, ఇంకొకడో. మీసం మాత్రం ఇంకా సగం ఉంది.