పదకొండేళ్లుగా నా బల్ల మీదున్న ఆర్టిక్యులేటర్

అనంతపురం సాయినగర్‌లో నా దంత వైద్యశాల వెనక గదిలో తాడిపత్రి బండ పరిచిన చిన్న అరుగు ఉంది. దాని మీద ఎడమ పక్కన వైబ్రేటర్ (అచ్చులో పోసే ముద్దలోని గాలి పోయేలా అదిరే చిన్న యంత్రం), కుడి పక్కన ఆర్టిక్యులేటర్, అంటే రోగి పళ్ల నమూనాలను బిగించి దవడలు కదిలినట్టు కదిపి చూసే యంత్రం. ఎం.డి.ఎస్. ముగించి ఊరికి తిరిగొచ్చిన ఏడాది, స్కూటర్ కోసం దాచుకున్న డబ్బుతో ఈ ఆర్టిక్యులేటర్‌ను, దాని ఫేస్‌బోను (దవడ కీలుకు పై పళ్లు ఎంత దూరంలో ఉన్నాయో ముఖం మీద కొలిచి యంత్రానికి ఎక్కించే చట్రం) కలిపి కొన్నాను. కొత్తగా ప్రాక్టీసు పెడుతున్న వాళ్లు ఇది కొనాలా వద్దా అని తరచూ అడుగుతున్నారు. అందుకే ఇన్నేళ్ల వాడకంలో నేను చూసింది రాస్తున్నాను.

ఇది సెమీ అడ్జస్టబుల్ (కొన్ని కోణాలను మాత్రమే రోగికి తగ్గట్టు మార్చుకోగల) యంత్రం, అర్కాన్ రకం. అంటే దవడ కీలులోని గుండు మనిషికి ఎలా కింది దవడకు ఉంటుందో, ఇందులోనూ అలాగే కింది భాగానికి ఉంటుంది. ఆ గుండు జారే గాడి పై భాగంలో ఉంటుంది. ఆర్టిక్యులేటర్, కాండైల్ (దవడ కీలు గుండు) అనే రెండు మాటల మొదళ్లు కలిపి 1950లో బెర్గ్‌స్ట్రోమ్ ఈ అర్కాన్ పేరు పెట్టాడు. రెండు గుండ్ల మధ్య దూరం నా యంత్రంలో 110 మి.మీ. బెర్గ్‌స్ట్రోమ్ కంటే చాలా ముందే, పంతొమ్మిదో శతాబ్దంలో, బాన్‌విల్ అనే అమెరికన్ దంతవైద్యుడు రెండు కాండైళ్లను, కింది ముందు పళ్ల మధ్య బిందువును కలిపితే నాలుగు అంగుళాల సమబాహు త్రిభుజం వస్తుందని చెప్పాడు. నాలుగు అంగుళాలంటే సుమారు 102 మి.మీ. అందరి ముఖాలూ ఆ లెక్కకు లొంగవు. అయినా సగటు కొలతతో చేసిన యంత్రం ఎక్కువ మందికి ఎందుకు సరిపోతుందో ఆ త్రిభుజం చూస్తే అర్థమవుతుంది.

దీని విలువ నాకు తెలిసింది ఒక పెద్దాయన నోటితో. ఉరవకొండ వైపు నుంచి వచ్చారు, వేరుశనగ రైతు. మా జిల్లాలో చాలా ఊళ్లలో బోరు నీటిలో ఫ్లోరైడ్ ఎక్కువ. ఆయన పళ్ల మీద చిన్ననాటి నుంచీ ఉన్న గోధుమ రంగు మచ్చలు, గుంటలు. పైగా కింది ముందు పళ్లు సగానికి పైగా అరిగిపోయాయి. "తల్లీ, వేయించిన శనగకాయ కొరకాలంటే భయం. వీటి మీద తొడుగులు వేసేయ్" అన్నారు. నోరు మూయించి చూస్తే అన్ని పళ్లూ చక్కగా కలుస్తున్నాయి. ముందు పళ్ల మీద తొడుగులకు సెంటు జాగా లేదు. జాగా కావాలంటే ఉన్న పన్నునే ఇంకా అరగదీయాలి. అరిగిన పన్నును మళ్లీ అరగదీయడానికి నాకు మనసొప్పలేదు.

రెండు దవడల అచ్చులు తీసి, వాటిలో స్టోన్ (గట్టి జిప్సం పొడి ముద్ద) పోసి కాస్టులు, అంటే పళ్ల నమూనాలు, చేసుకున్నాను. ఫేస్‌బో పెట్టి పై దవడ స్థానాన్ని యంత్రానికి ఎక్కించాను. తర్వాత పది నిమిషాలు ముందు పళ్ల మధ్య దూది చుట్ట పెట్టి ఆయనను ఊరికే కూర్చోమన్నాను. రోజూ అలవాటుగా కొరికే దారిని కండరాలు కాస్త మరిచిపోవాలి. అప్పుడు గడ్డం పట్టుకుని కింది దవడను మెల్లగా, తలుపు బందు మీద తిరిగినట్టు కదిలిస్తూ, పళ్లు ఇంకా తాకకముందే సిలికాన్‌తో బైట్ రికార్డ్ (రెండు దవడలు ఒకదానికొకటి ఎక్కడ ఉన్నాయో చూపే అచ్చు) తీసుకున్నాను. మర్నాడు ఉదయం మౌంటింగ్ (కాస్టులను యంత్రానికి ప్లాస్టర్‌తో బిగించడం) పూర్తయ్యాక రికార్డ్ తీసేసి, యంత్రాన్ని నెమ్మదిగా మూశాను.

టక్ మని ఒకే చప్పుడు. కుడివైపు పై రెండో దవడ పన్నుకు లోపలి మొన, దాని కింది పన్ను మీద పడింది. మిగతా పళ్లేవీ తాకలేదు. యంత్రాన్ని తిప్పి వెనక నుంచి, అంటే నాలుక ఉండే వైపు నుంచి చూశాను. నోటిలో ఎంత పెద్ద అద్దం పెట్టినా ఆ వైపు నుంచి పళ్ల కలయికను ఎవరూ చూడలేరు. కాస్టులను చేతుల్లోకి తీసుకుంటేనే ఆ చోటు కనిపిస్తుంది. ముందు పళ్ల మధ్య రెండు మిల్లీమీటర్ల ఖాళీ కనిపించింది. గుండ్లను కదలకుండా పట్టే లాక్ వదిలి, ఆయన రోజూ మూసినట్టు మూస్తే కింది కాస్టు ఆ మొన మీద నుంచి జారి ముందుకు వచ్చి, ఆ ఖాళీ మూసుకుపోయి, ముందు పళ్లు ఒకదాన్నొకటి ఢీకొన్నాయి. ఏళ్ల తరబడి ఆయన నోటిలో జరుగుతున్నది అదే. మెత్తబడ్డ పన్ను, దాని మీద రోజూ ఆ గుద్దుడు.

నేను నోటిలో లేదనుకున్న జాగా అక్కడే ఉంది. ఇంకో స్టోన్ కాస్టు చేసి, దాని మీద ఆ మొనను కొంచెం కొంచెంగా చెక్కుతూ, ఎంత చెక్కితే రెండు వైపులా దవడ పళ్లు ఒకేసారి తాకుతాయో చూసుకున్నాను. మొదటి కాస్టును ఎప్పుడూ ముట్టుకోకూడదు, అది రోగి మొదటి రోజు సాక్ష్యం. తర్వాత నోటిలోనూ ఆ మొనను అంతే చెక్కి, కాస్టు మీద ముందు పళ్లను మైనంతో పెంచి, సిలికాన్ పుట్టీతో దాని అచ్చు తీసి, అదే రూపాన్ని తాత్కాలిక రెజిన్‌తో నోటిలో పెట్టాను. ఆరు వారాల తర్వాత పెద్దాయన సంచిలో వేరుశనగ కాయలు తెచ్చి నా ముందే కొరికి చూపించారు. ముందు పళ్లలో ఒక్కదాన్ని కూడా అరగదీయలేదు. ఆ రోజు నుంచి, ఎక్కువ పళ్లు మార్చాల్సిన ఏ నోరైనా సరే, ఈ యంత్రం మీద ఎక్కించకుండా డ్రిల్ పట్టుకోవడం మానేశాను.

అయితే ఇది కొనగానే ఇవన్నీ జరిగిపోతాయని అనుకోకండి. మొదటి ఏడాది నాకు చాలా మౌంటింగ్‌లు తప్పాయి. తప్పంతా యంత్రానిదే అనుకున్నాను. తర్వాత చూస్తే తప్పు అచ్చులో ఉంది, కాస్టులో ఉంది, నీళ్లలో ఉంది.

నీళ్ల సంగతి మా జిల్లా వాళ్లు ముఖ్యంగా వినాలి. మా బోరు నీళ్లలో కాల్షియం ఎక్కువ. అచ్చు తీసే ఆల్జినేట్ పొడి నీళ్లలో కలిపాక గట్టిపడేదే కాల్షియం వల్ల. పొడిలోనే అందుకు కావలసినంత కాల్షియం సల్ఫేట్ ఉంటుంది, దాన్ని కాసేపు ఆపి ఉంచడానికి సోడియం ఫాస్ఫేట్ కలుపుతారు. కాల్షియం నిండిన నీళ్లు పోస్తే ఆ లెక్క తప్పుతుంది, అచ్చు ట్రేలోనే బిగుసుకుంటుంది. వేసవిలో కుళాయి నీళ్లు స్నానానికి కాచినట్టు వస్తాయి, అప్పుడు ఇంకా త్వరగా బిగుస్తుంది. ఏప్రిల్‌లో ఒకసారి ట్రేను నోటి దాకా తీసుకెళ్లేలోపే పైన పొర కట్టింది. అప్పటి నుంచి శుద్ధి చేసిన నీళ్ల సీసా ఫ్రిజ్‌లో ఉంచి, కలిపే ముందు థర్మామీటర్ పెట్టి 20 డిగ్రీల దగ్గరకు తెచ్చుకుంటాను. ఖర్చు లేని మార్పు ఇది. నా పనిలో ఇంతకంటే ఎక్కువ మేలు చేసింది ఇంకోటి లేదు.

రెండోది సమయం. ఆల్జినేట్ అచ్చు గాలిలో ఉంటే నీళ్లు వదిలి ముడుచుకుంటుంది, తడి గుడ్డలో ఎక్కువసేపు చుట్టి ఉంచితే నీళ్లు పీల్చి ఉబ్బుతుంది. ప్రాక్టీసు మొదట్లో ఒక అచ్చును తడి దూదిలో చుట్టి, రాత్రి బస్సులో బెంగళూరు ల్యాబ్‌కు పంపాను. అక్కడ వాళ్లు పోసిన కాస్టు మీద చేసిన తొడుగు కాస్టుకు అతికినట్టు సరిపోయింది, నోటిలో మాత్రం ఒక వైపు లేచి నిలబడింది. తప్పు నాదే, ల్యాబ్‌ది కాదు. ఇప్పుడు అచ్చు బయటికి తీసిన వెంటనే కడిగి, క్రిములు చావడానికి 0.5 శాతం హైపోక్లోరైట్ చల్లి, మూత ఉన్న డబ్బాలో ఉంచి, పది పన్నెండు నిమిషాలు దాటకముందే స్టోన్ పోస్తున్నాను. దూరం పంపాల్సిన అచ్చయితే ఆల్జినేట్ జోలికి పోను, కొలత మారని అడిషన్ సిలికాన్‌తో తీస్తాను. దానికి ఒక జాగ్రత్త ఉంది. పుట్టీని లేటెక్స్ గ్లవుజులతో పిసకకూడదు. అందులోని గంధకం వల్ల సిలికాన్ గట్టిపడదు, పైన జిగటగా ఉండిపోతుంది. వినైల్ గ్లవుజులు వాడాలి.

స్టోన్ పోయడం నాకు ఇష్టమైన పని. 100 గ్రాముల పొడికి 30 మి.లీ. నీళ్లు, తూకం వేసి మాత్రమే. కంటి అంచనాతో నీళ్లు పోస్తే కాస్టు మెత్తబడుతుంది. మొదట నీళ్లు, వాటి మీద పొడి చల్లి, అది మునిగాక కలపాలి. అచ్చును వైబ్రేటర్ మీద వంచి పట్టుకుని, ఒక చివర పన్ను గుంటలో వేలి గోరంత స్టోన్ వేస్తాను. అది తేనెలా మెల్లగా జారుతూ గుంట నింపి, గాలిని ముందుకు నెట్టి, పక్క పన్నులోకి దిగుతుంది. ఆ జారుడు కంటికి కనిపిస్తుండాలి. తొందరపడి ఒకేసారి ముద్ద వేస్తే అడుగున గాలి బుడగ చిక్కుకుని కాస్టు మీద మొన విరిగినట్టు సొట్ట పడుతుంది. దీనికి తలకిందులుగా, ఆల్జినేట్‌లో బుడగ ఉంటే కాస్టులో పన్ను గాడిలో ఆవగింజంత స్టోన్ గుండు తయారవుతుంది. అది కనబడకుండా ఉండిపోతే యంత్రం మీద ఆ గుండే మొదట తాకుతుంది, మనం లేని రోగానికి వైద్యం వెతుకుతాం. అందుకే మౌంటింగ్‌కు ముందు భూతద్దంతో ప్రతి గాడినీ చూసి అలాంటి గుండ్లను తీసేస్తాను. కాస్టును అచ్చు నుంచి ముప్పావు గంటకో గంటకో విడదీయాలి. రాత్రంతా వదిలేస్తే ఎండిన ఆల్జినేట్ కాస్టు పైపొరను పాడుచేస్తుంది. కాస్టును కుళాయి కింద పెట్టి కడగొద్దు, జిప్సం నీళ్లలో కొద్దిగా కరుగుతుంది. స్టోన్ ముక్కలు నానబెట్టి తేర్చిన నీళ్లు ఒక డబ్బాలో ఉంచుకోండి. తడపాలంటే అవే వాడండి.

మైనం బైట్ రికార్డ్ మీద నమ్మకం పోవడానికి కారణం కూడా మా ఎండలే. ఒక మధ్యాహ్నం రికార్డ్‌ను సంచిలో వేసుకుని ఇంటికి వెళ్లాను. సాయంత్రానికి అది వంగిపోయింది, కంటికి తెలియనంతే. మౌంటింగ్ అయ్యాక ఎడమ పక్క అంతా ఎత్తు తేలింది. వేడి ప్రాంతాల కోసం చేసే గట్టి రకం మైనం దొరుకుతుంది కానీ, సిలికాన్ రికార్డ్‌కు అలవాటు పడ్డాక మళ్లీ మైనం వైపు చూడలేదు.

ఫేస్‌బో గురించి నా మాట కొందరికి నచ్చదు. ఒక్క తొడుగు కోసం, పళ్లు కలిసే ఎత్తు మార్చని పని కోసం, దాన్ని ప్రతిసారీ పెట్టనక్కర్లేదు. ఎత్తు పెంచాలన్నా తగ్గించాలన్నా మాత్రం తప్పదు. కాస్టు కీలుకు ఉండాల్సిన దూరంలో లేకపోతే, ఆ ఎత్తును నిలిపే ముందు పిన్ను పైకి కిందికి కదిపినప్పుడు కింది దవడ తిరిగే వంపు మారిపోయి యంత్రం మీద కలిసిన పళ్లు నోటిలో కలవవు. చెవుల్లో పెట్టే రకం వాడుతున్నాను. పెద్దవాళ్లకు చెవిలో బిళ్లలు పెట్టేటప్పుడు ముందే చెబితే చాలు, ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. గుండు జారే గాడి వాలు 30 డిగ్రీలు, దవడ పక్కకు కదిలే కోణం 15 డిగ్రీల సగటుతో చాలా పనులు నడిచిపోతాయి. నోరంతా కట్టే పని అయితే కింది దవడను ఐదారు మిల్లీమీటర్లు ముందుకు రప్పించి ఇంకో రికార్డ్ తీసి, ఆ వాలును రోగికి తగ్గట్టు పెట్టుకుంటాను.

ఇక లోపాలు. మూడో ఏడు దాటాక ఎడమ వైపు లాక్ మర వదులవడం మొదలైంది, వారానికోసారి బిగించాల్సి వస్తోంది. ముందు పిన్ను ఆనే ప్లాస్టిక్ బల్ల మీద గీతలు పడి ఇప్పటికి రెండుసార్లు మార్చాను. అసలు బాధ కాస్టులను యంత్రానికి పట్టే మౌంటింగ్ ప్లేట్లతో వచ్చింది. తక్కువ ధరకు దొరికాయని వేరే తయారీవి ఒక డజను కొన్నాను. మర బిగించాక కూడా వేలితో తోస్తే కొంచెం ఆడుతున్నాయి. ఆ కొంచెం పన్ను దగ్గరకు వచ్చేసరికి పెద్దదవుతుంది. అన్నీ పారేశాను. యంత్రం బరువు కూడా తక్కువ కాదు, మణికట్టు నొప్పి ఉన్నవాళ్లు గమనించాలి. శుభ్రం చేయడానికి కత్తితో గీకవద్దు. ముందే పెట్రోలియం జెల్లీ రాసి ఉంచితే అంటుకున్న ప్లాస్టర్ తడి బ్రష్‌తో పోతుంది.

నా తర్వాత వచ్చిన కొందరు నోటిని స్కానర్‌తో తీసి, కంప్యూటర్‌లోనే దవడలను కదిలిస్తున్నారు. పని శుభ్రం, వాంతి భయం లేదు, బెంగళూరుకు ఫైలు క్షణంలో చేరుతుంది. ఒకటి రెండు తొడుగులకు నేనూ అదే దారిలో వెళ్తున్నాను. కానీ నోరంతా మార్చే ముందు పెద్దాయన లాంటి మనిషి చేతిలో ఆయన కాస్టులు పెట్టి, "ఇక్కడ చూడండి, మొదట తాకేది ఈ పన్నే" అని వేలితో చూపిస్తే, ఆయన తెర మీద చూసినదాని కంటే చప్పున అర్థం చేసుకుంటారు. అందుకే ఈ యంత్రాన్ని పక్కన పెట్టలేదు.

సెకండ్ హ్యాండ్‌లో కొంటామన్న వాళ్లకు ఒక పరీక్ష చెబుతాను. రెండు లాక్‌లూ బిగించి, పై భాగాన్ని పట్టుకుని అటూ ఇటూ మెల్లగా తోయండి. గుండ్ల దగ్గర ఏ చిన్న చప్పుడు వినిపించినా వదిలేయండి. చప్పుడు లేకపోతే సన్నని కాగితం ముక్కను గుండుకూ గాడికీ మధ్య పెట్టి లాగి చూడండి, రెండు వైపులా ఒకేలా పట్టుకోవాలి. ఆ తర్వాత అమ్మేవాళ్ల దగ్గరున్న ప్లేట్లన్నిటినీ ఒక్కొక్కటిగా బిగించి వేలితో తోసి చూడండి. ఆడని ప్లేట్లకు మాత్రమే డబ్బు ఇవ్వండి.