నమోదు శిబిరమా, అభ్యర్థుల వేదికా?

అమెరికాలో 1920లో పుట్టిన లీగ్ ఆఫ్ విమెన్ ఓటర్స్ అనే స్వచ్ఛంద సంస్థ ఏ పార్టీనీ, ఏ అభ్యర్థినీ బలపరచదు. కొద్దిమంది స్వచ్ఛంద కార్యకర్తలే ఉన్న స్థానిక శాఖ తన శ్రమను ఓటరు నమోదుకు వెచ్చించాలా, అభ్యర్థుల చర్చావేదికకు వెచ్చించాలా?

మన దేశంలో జాబితా సరిచూడటానికి బూత్ స్థాయి అధికారి ఇంటికి వస్తారు. అమెరికాలో, నమోదే అవసరం లేని నార్త్ డకోటా రాష్ట్రాన్ని మినహాయిస్తే, ఆ బాధ్యత చాలావరకు పౌరుడిదే. అందువల్ల కళాశాలల్లో ఏర్పాటుచేసే శిబిరం (2025 వరకు కొత్త పౌరులు ప్రమాణం చేసే సభల వద్ద కూడా లీగ్ ఇలాంటివి నడిపేది), జాబితాకు బయటే మిగిలిపోయే అద్దె ఇళ్లవారినీ, యువతనూ, వలస వచ్చి పౌరులైనవారినీ లోపలికి తెస్తుంది. పేరు చేరినంత మాత్రాన ఓటు పడుతుందన్న హామీ లేదు.

చర్చావేదికకు వచ్చేది ఎక్కువగా ఎలాగూ ఓటు వేసేవారే. అయినా పత్రికలు పట్టించుకోని పాఠశాల బోర్డు (స్థానిక ప్రభుత్వ పాఠశాలలను నడిపే మండలి) ఎన్నికలలో అభ్యర్థులందరినీ ఒకే ప్రశ్న అడగగలిగే చోటు అదొక్కటే కావచ్చు. ఒక పక్షం రానంటే మాత్రం నిర్వాహకుల తటస్థతకే పరీక్ష; 1988లో ప్రచార బృందాల షరతులకు తలొగ్గలేక లీగ్ అధ్యక్ష అభ్యర్థుల చర్చ నిర్వహణ నుంచే తప్పుకుంది.

కార్యకర్తలు తక్కువైతే నేను నమోదునే ఎంచుకుంటాను. పాఠశాల బోర్డు ఎన్నికలు జరిగే ఏడాది మాత్రం వేదికను వదులుకోను.