డిస్నీ పాయింట్లు సెకండ్ హ్యాండ్‌లో కొన్నాం, బేరం మాత్రం తప్పు చోట ఆడాను

మేముండేది అట్లాంటాలో. ఓర్లాండోకి కారులో ఏడు గంటలు. పిల్లలున్న ఇల్లు కాబట్టి డిస్నీకి వెళ్లక తప్పదు. ప్రతిసారీ హోటల్ బిల్లు చూసి గుండె గుభేల్‌మనడంతో, 2023 మార్చిలో డిస్నీ వెకేషన్ క్లబ్ కాంట్రాక్ట్ ఒకటి రీసేల్‌లో, అంటే పాత ఓనరు దగ్గర కొన్నాం. ఏటా మనకి కొన్ని పాయింట్లు వస్తాయి, వాటితో డిస్నీ రిసార్టుల్లో గదులు తీసుకోవచ్చు. మా రిసార్ట్ సరటోగా స్ప్రింగ్స్, ఏటా 160 పాయింట్లు, జూన్ యూజ్ ఇయర్ (అంటే మా పాయింట్ల ఏడాది జూన్‌లో మొదలవుతుంది).

మా ఆవిడకు బీచ్ క్లబ్ అనే ఇంకో రిసార్ట్ మీద మనసు. ఇసుక అడుగున్న స్విమ్మింగ్ పూల్, డిస్నీ పార్కుల్లో ఒకటైన ఎప్‌కాట్‌కి నడిచి వెళ్లిపోవచ్చు. మాకు చెప్పిన రేటు పాయింటుకి 128 డాలర్లు. కానీ ఆ కాంట్రాక్ట్ 2042 జనవరితో అయిపోతుంది. అంటే 19 ఏళ్లు, పాయింటుకి ఏడాదికి 6.74 డాలర్లు. సరటోగా 2054 దాకా ఉంటుంది. దానికి మేం పాయింటుకి పెట్టిన 112 డాలర్లని 31 ఏళ్లకి పంచితే 3.61. ఈ లెక్క చూపించాక మా ఆవిడ ఒప్పుకుంది. పూల్ సంగతి మాత్రం ఇప్పటికీ దెప్పుతుంది.

సరటోగా సెల్లర్ మొదట 116 అన్నాడు. మూడు రోజులు బేరమాడి 112కి దించాను. మొత్తం మీద 640 డాలర్లు మిగిలాయని తెగ మురిసిపోయాను. తీరా చూస్తే ఏటా కట్టే మెయింటెనెన్స్ అప్పటికి పాయింటుకి ఎనిమిది డాలర్ల చుట్టూ ఉంది. నేను బేరమాడి మిగిల్చింది ఆరు నెలల మెయింటెనెన్స్‌కి సరి! అది పెరగదనుకున్నా 31 ఏళ్లకి పాయింటుకి 248 డాలర్లు, కొన్న ధరకి రెట్టింపు పైనే. పెరగకుండా ఎందుకుంటుంది? ఫ్లోరిడా తీరంలోని డిస్నీ రిసార్ట్ వేరో బీచ్ కాంట్రాక్టులు చవకగా కనిపించేది కూడా అక్కడ మెయింటెనెన్స్ ఎక్కువ కాబట్టే. కొనడం తేలిక, ఏటా కట్టేటప్పుడు తెలుస్తుంది.

ఇక మా బ్రోకర్ సంగతి. లిస్టింగ్‌లో 2022 పాయింట్లు మొత్తం ఉన్నాయని రాశారు. ఉన్న మాట నిజమే. కానీ జూన్ యూజ్ ఇయర్‌లో బ్యాంకింగ్‌కి, అంటే వాడని పాయింట్లని తర్వాతి ఏడాదికి దాచుకోవడానికి, గడువు జనవరి 31. అది దాటిపోయింది కాబట్టి ఆ పాయింట్లని మే 31లోపు వాడాలి, లేకపోతే గోవిందా. మన సంతకాలయ్యాక డిస్నీ ఆ ధరకి తనే కొనుక్కుంటుందా లేదా తేల్చడానికి 30 రోజుల గడువుంటుంది, ఆ తర్వాత క్లోజింగ్, అంటే పేరు మార్పిడి. మా పేరు మీదికి వచ్చేసరికి మే నెల. పిల్లలకి పరీక్షలు. ఈ ముక్క బ్రోకర్ ముందే చెప్పి ఉండాల్సింది. గట్టిగా అడిగితే క్లోజింగ్ ఖర్చులు సెల్లర్ చేత పెట్టించారు.

యూజ్ ఇయర్ మాత్రం మాకు సరిగ్గా కుదిరింది. మేం వెళ్లేది నవంబర్‌లో, థ్యాంక్స్‌గివింగ్‌కి. ఏదైనా అడ్డం వచ్చి కాస్త ముందుగానే క్యాన్సిల్ చేస్తే, జనవరి 31 లోపు పాయింట్లు బ్యాంక్ చేసుకోవచ్చు. అదే ఏప్రిల్‌లో వెళ్లేవాళ్లకి ఈ యూజ్ ఇయర్ టెన్షనే.

2019 జనవరి 19 నుంచి రీసేల్‌లో కొన్న పాయింట్లు రివియేరా అనే డిస్నీ రిసార్ట్‌లో చెల్లవు. రివియేరావే రీసేల్‌లో కొంటే ఇంకెక్కడా చెల్లవు, అందుకే దాని జోలికి పోలేదు. మనం కొన్న రిసార్ట్‌లో 11 నెలల ముందు నుంచి, మిగతా వాటిలో ఏడు నెలల ముందు నుంచి బుక్ చేసుకోవచ్చు. సెలవుల్లో ఆ ఏడు నెలల మీద ఆశ పెట్టుకోకపోవడమే మంచిది. ఎక్కడ ఉండటానికి ఇబ్బంది లేదో అక్కడే కొనండి.

ఈసారి అత్తయ్యగారు, మామయ్యగారు గుంటూరు నుంచి వస్తున్నారు. స్టూడియోలో (ఒకే గది) మైక్రోవేవ్, చిన్న ఫ్రిజ్ లాంటివి తప్ప వంటకి ఏమీ ఉండవు. అందుకని రెండేళ్ల పాయింట్లు కలిపి, పూర్తి వంటగది ఉన్న వన్ బెడ్‌రూమ్ పట్టాను, ఉదయం ఎనిమిదింటికి బుకింగ్ తెరవగానే. కుక్కర్ డిక్కీలో పెట్టడం ఖాయం, ఆవకాయ సీసా ఎవరి ఒళ్లో ఉండాలన్నదే ఇంకా తేలలేదు.